కోటి తర్వాత బాణం గుర్తు

పంపుహౌస్ క్వార్టర్లు
జనవరి 6

మామయ్యా,

ఫోనులో నీకు వినపడదు. నేను అరిస్తే నీకు తప్ప ఇక్కడ ఆఫీసంతటికీ వినిపిస్తుంది. అందుకని ఉత్తరమే గతి. నలభై ఏళ్ళు ఆ ల్యాబు మిషన్లకి చెవులు ధారపోసిన మనిషివి, ఇప్పుడు నా చేత కాగితాలు నింపిస్తున్నావు.

కొత్త పోస్టింగు బాగానే ఉంది. పెద్ద హాలు, మూడు పంపులు. ఊరు మొత్తానికి నీళ్ళు ఇక్కణ్ణుంచే. నేను అసిస్టెంటు ఇంజనీరునని బోర్డు మీద రాశారు గాని, హాలుకి అసలు యజమాని వేరే ఉన్నాడు. బేరింగులకి నూనె పోసే ఆయన. అందరూ డాక్టరు గారంటారు. చెక్క కర్ర ఒకటి పట్టుకుని, ఒక కొస బేరింగు మీద, రెండో కొస చెవికి ఆనించి, కళ్ళు మూసుకుని వింటాడు. విని మందు చెప్తాడు. ఇంతవరకు ఆయన మాట తప్పిపోలేదట. ముక్కు మీద కోపం. నేను బూట్లు చప్పుడు చేస్తూ నడిస్తే కర్రతో బయటికి దారి చూపిస్తాడు.

ఆయన వారం నుంచి రెండో పంపు దగ్గరే స్టూలు వేసుకుని కూర్చున్నాడు. "షాఫ్టు గొంతు మారిందమ్మా. జలుబు చేసిన మనిషిలా మాట్లాడుతోంది" అంటాడు. బేరింగులు చూశాం, బోల్టులు బిగించాం, ఏమీ లేదు. 

నీకెందుకు రాస్తున్నానంటే, ఆరేళ్ళ క్రితం మూడు పంపులకీ మోటారుతో కలిపే పాత లావు షాఫ్టులు తీసేసి సన్నవి వేశారు. డ్రాయింగు మూల చూస్తే మీ ల్యాబు పెద్దాయన సూత్రం పేరు! నాకెంత గర్వమేసిందో. రెండో పంపు వేసినప్పట్నుంచి ఆగలేదు. నిమిషానికి నూట ఇరవై చుట్లు. చుట్ల కౌంటరు ఇవాళ ముప్పై ఆరు కోట్ల నలభై లక్షలు చూపిస్తోంది. షాఫ్టుకి ఏమైనా అవుతుందా అని డాక్టరు గారు అడగమన్నాడు. మీ మామయ్యకి ఇనుము సంగతి తెలుసన్నావుగా, రాయి అన్నాడు.

అమ్మ కులాసా. నీ మీద బెంగ పెట్టుకుంది.

నీ కోడలు పిల్ల


ల్యాబు వెనక వీధి
జనవరి 15

కోడలు పిల్లా, ఆశీస్సులు.

మీ డాక్టరు గారికి నా నమస్కారం చెప్పి, కర్ర పక్కన పెట్టి హాయిగా టీ తాగమను. షాఫ్టుకి ఏమీ కాదు. ఎందుకు కాదో చెప్తాను, ఆయనకి చదివి వినిపించు.

ఇనుముని వంచి తిప్పుతూ ఉంటే అది అలసిపోతుంది. ఎక్కువ బరువు వేలాడదీస్తే వెయ్యి చుట్లకే విరుగుతుంది. బరువు తగ్గిస్తే లక్ష, ఇంకా తగ్గిస్తే పది లక్షలు. ఇలా గ్రాఫు మీద గీత గీసుకుంటూ పోతే ఒక చోట అది కింద పడటం మానేసి చదునుగా పోతుంది. ఆ బరువు కంటే తక్కువైతే ఇనుములోని రేణువులు సర్దుకుపోతాయి, అలవాటు పడిపోతాయి, ఇక అలసట అన్నదే ఉండదు. లోకమంతా ఒప్పుకున్న పెద్దాయన గీత ఇదే. కోటి చుట్లు తిరిగి విరగని ముక్క ఇంకెప్పటికీ విరగదు. మీ షాఫ్టు ముప్పై ఆరు కోట్లు తిరిగిందంటే, నా లెక్కలో అది చిరంజీవి.

ఆ గీత గీసింది ఆయనే అయినా, దాని మీద చుక్కలన్నీ నావి. సోమవారం పొద్దున తొమ్మిదింటికి వేలంత ముక్క మిషనుకి బిగించేవాణ్ణి. నిమిషానికి మూడు వేల చుట్లు. బుధవారం సాయంత్రం నాలుగున్నరకి కోటి. స్విచ్చి ఆపి, ముక్క తీసి, రిజిస్టర్లో "కోటి. విరగలేదు" అని రాసి పక్కన కుడివైపుకి బాణం గుర్తు వేసేవాణ్ణి. ఇక ఇలా పోతూనే ఉంటుందని దాని అర్థం. ఇప్పుడా బాణం గుర్తే మా సంస్థ ముద్ర అయి కూర్చుంది. గేటు మీద, కవర్ల మీద, చివరికి చెత్తబుట్టల మీద కూడా.

ఏప్రిల్ మూడున పెద్దాయన శతజయంతి. విగ్రహం పెడుతున్నారు. ఆ సభలో నాకు పతకం ఇస్తారట! ఆయన పుస్తకం ముందుమాటలో నా గురించి రాసిన వాక్యం చదువుతారట. "ఒక్క చుట్టు కూడా లెక్క తప్పని కళ్ళు." నీకు వంద సార్లు చెప్పే ఉంటాను. నూట ఒకటోసారి విను. కొత్త కోటు కుట్టిస్తున్నాను. దర్జీ పొట్ట దగ్గర కొలత తీసి నవ్వాడు, వెధవ.

మామయ్య


పంపుహౌస్ క్వార్టర్లు
ఫిబ్రవరి 8

మామయ్యా,

నీ ఉత్తరం డాక్టరు గారికి చదివి వినిపించాను. మొత్తం విని, "మీ మామయ్య ఇనుముతో మాట్లాడాడు. నేను ఇనుము మాట వింటాను. తేడా ఉందమ్మా" అన్నాడు. నీ కోటు సంగతి విని మాత్రం పగలబడి నవ్వాడు. పొట్ట మీద కూడా పెద్దాయన సూత్రం పనిచేస్తుందా, ఒక హద్దు దాటాక పెరగడం ఆగుతుందా అని అడగమన్నాడు.

కౌంటరు ముప్పై ఆరు కోట్ల తొంభై ఏడు లక్షలు.

ఇప్పుడు చెప్పేది విని కోపం తెచ్చుకోకు. డాక్టరు గారి గొడవ చెవిలో జోరీగలా ఉండేసరికి ఇక్కడి కాలేజీ లైబ్రరీకి వెళ్ళి కొత్త పత్రికలు తిరగేశాను. ఈ మధ్య మిషన్లు వేరేగా వచ్చాయి. ముక్కని తిప్పరు, ధ్వనితో అదరగొడతారు. సెకనుకి ఇరవై వేల దెబ్బలు. మీకు ఏడాదిలో సగానికి పైగా పట్టే వంద కోట్లు వాళ్ళకి ఒక్క రోజులోపే అయిపోతాయి. అలా కోటి దాటి వెళ్ళి చూశారు. మామయ్యా, చదునుగా పోతుందనుకున్న గీత ఇంకా ముందుకి వెళ్ళాక మళ్ళీ కిందికి దిగుతోందట. రెండు దేశాల్లో రెండు ల్యాబులు, ఒకరికి తెలియకుండా ఒకరు చూశారు. పెద్దాయన చెప్పింది కోటి దాకా నిజమే. ఆ తర్వాతది ఆయన చూడలేదు, అంతే.

ఇంకో సంగతి కూడా చదివాను. కోటిలోపు విరిగేవి పైనుంచి పగులుతాయి, కంటికి కనిపిస్తాయి. కోట్లు దాటాక విరిగేవి లోపల్నుంచి మొదలవుతాయట. పోతపోసినప్పుడు లోపల ఇరుక్కున్న నలుసు చుట్టూ గుండ్రంగా పగులు పెరుగుతుంది. విరిగాక చూస్తే చేప కన్నులా ఉంటుంది. పైకి మాత్రం ఏమీ తెలియదు.

పెద్ద ఇంజనీరు దగ్గరికి వెళ్ళి రెండో పంపు ఆపి షాఫ్టు విప్పి చూద్దామన్నాను. ఆయన చెడ్డవాడు కాడు, ఓపిగ్గా విన్నాడు. "పత్రికలో ఉన్న ఇనుము వేరు, మన ఇనుము వేరు. మీ పెద్దాయన పుస్తకంలో మన ఇనుముకి ఎదురుగా బాణం గుర్తుంది. ఎండలు మొదలవుతుంటే సగం ఊరికి నీళ్ళు ఆపమంటున్నావు. ఇదే ఇనుము, ఇదే బరువు, కోటి దాటాక విరిగిన ముక్క ఒక్కటంటే ఒక్కటి తెచ్చి చూపించు. అదే రోజు ఆపేస్తాను" అన్నాడు.

నీ దగ్గర తప్ప ఇంకెక్కడ అడగను? పాత ముక్కల్లో అలాంటిదేమైనా ఉందా?

నీ కోడలు పిల్ల


ల్యాబు వెనక వీధి
ఫిబ్రవరి 19

కోడలికి,

చదివాను. పోయిన మనిషి మీద బురద చల్లితే గాని ఈ కాలం పత్రికలకి పూట గడవదని తెలుసు. నువ్వు కూడా వాళ్ళ వంత పాడతావనుకోలేదు. ఇరవై వేల సార్లు అదరగొడితే ఇనుమేం ఖర్మ, నేనైనా విరుగుతాను. అదీ ఒక పరీక్షేనా?

నేను ఎవరో నీకు మీ అమ్మ సరిగ్గా చెప్పలేదేమో. ఆ ల్యాబులో నేల తుడిచేవాణ్ణి. ఒకరోజు తుడుస్తూ తుడుస్తూ కౌంటరు ముందు నిలబడిపోయి అంకెలు గొణుక్కుంటుంటే పెద్దాయన వెనకనుంచి చూశారు. చీపురు తీసి పక్కన పెట్టి నా చేతికి పెన్సిలు ఇచ్చారు. "ఇనుము చెప్పింది రాయి. నేను చెప్పింది కాదు" అన్నారు. ఆ పెన్సిలుతోనే మీ అమ్మ చదువు, నీ చదువు. అలాంటి మనిషి గీత తప్పని, ఆయన విగ్రహానికి సిమెంటు పోస్తున్న నెలలో, నా ఇంట్లోంచే మాట రావాలా?

ముక్కలేవీ లేవు. కోటికి ఆపేశాక అన్నీ తుక్కులోకి పోయేవి. రిజిస్టర్లు కూడా ప్రదర్శన కోసం అద్దాల పెట్టెలో పెట్టేశారు. వాటి కోసం ఎవరినీ అడగకు.

అది సరే. డాక్టరు గారి స్టూలు ఎక్కడ ఉంటుంది? షాఫ్టు మోటారుతో కలిసే కప్లింగు పక్కనా? అయితే గోడ వైపుకి జరుపుకోమను. ఊరికే అంటున్నాను, ఆ గాలికి ఆయనకి పడిశం పట్టగలదు. పొట్టకి హద్దు లేదని కూడా చెప్పు.

కౌంటరు అంకె ప్రతి ఉత్తరంలో రాస్తూ ఉండు.

మామయ్య


పంపుహౌస్ క్వార్టర్లు
మార్చి 10

మామయ్యా,

కౌంటరు ముప్పై ఏడు కోట్ల నలభై తొమ్మిది లక్షలు.

ఇప్పుడు నేను కూడా వింటున్నాను. కర్ర చెవికి పెట్టుకుంటే గుయ్‌మనే చప్పుడు మధ్యలో చిన్న తడబాటు. ఉంటుంది, పోతుంది. డాక్టరు గారు చిటికె వేసి చూపిస్తే గాని మొదట పట్టుకోలేకపోయాను. ఇప్పుడు ఇంటికెళ్ళినా అదే వినిపిస్తోంది.

పోయిన వారం అరగంట ఆపి, షాఫ్టు పైన రంగు పూసి తుడిచి చూశాం. వెంట్రుకంత గీత కూడా లేదు. పెద్ద ఇంజనీరు "చంటిపిల్ల బుగ్గలా ఉంది" అని నా భుజం తట్టి వెళ్ళిపోయాడు. పైకి బాగుండటమే నాకు భయంగా ఉందని ఎలా చెప్పను?

స్టూలు జరిపించాను. మూడు రోజులు గోడ పక్కన కూర్చున్నాడు. నాలుగో రోజు మళ్ళీ కప్లింగు దగ్గరే. "అక్కణ్ణుంచి నాకేం వినపడుతుందమ్మా? మీ మామయ్యకి నా మీద ఇంత బెంగ ఎందుకో" అన్నాడు.

నాకూ అదే అనుమానం. ఎందుకు మామయ్యా? చిరంజీవి అన్న షాఫ్టు పక్కనుంచి మనిషిని జరపమని ఎందుకు రాశావు?

అమ్మని అడిగాను. నేను పుట్టినప్పుడు అమ్మ చావు తప్పి బయటపడింది కదా. టెలిగ్రాం అందుకుని కట్టుబట్టలతో పరుగెత్తుకొచ్చావట. మూడు నెలలు ఇక్కడే ఉండిపోయావట. మొదటి రెండు రోజులూ "నాలుగో మిషను ఆపానా, లేదా" అని గొణుక్కుంటూనే ఉన్నావట. అమ్మకి ఇంకా గుర్తుంది.

ఆపావా మామయ్యా? ఆపకపోతే ఆ మూడు నెలలూ ముక్క తిరిగి ఉండాలి కదా. దానికేమైంది? తప్పు పట్టడానికి కాదు. ఒక్క ముక్క కావాలి, అంతే. నీ కాళ్ళు పట్టుకుంటాను.

నీ కోడలు పిల్ల


ల్యాబు వెనక వీధి
మార్చి 14

కోడలికి,

ఆపాను. ఆపే వచ్చాను. మీ అమ్మకి అప్పుడు ఒంట్లో స్పృహే లేదు, గొణుగుళ్ళు ఎక్కడ గుర్తుంటాయి?

సభకి ఉపన్యాసం రాసుకుంటున్నాను. తీరిక లేదు.

మామయ్య


ల్యాబు వెనక వీధి
మార్చి 19

అమ్మడూ,

నాలుగు కాగితాలు చించేశాక ఇది ఐదోది. ఇది పంపుతాను.

ఆపలేదు. టెలిగ్రాం చేతికొచ్చేసరికి మీ అమ్మ పోయిందనే అనుకున్నాను. కోటు ఒక చేతికి తొడుక్కుని పరుగెత్తాను. పెద్దాయన విదేశాల్లో ఉపన్యాసాలకి వెళ్ళి ఉన్నారు. పైకప్పు మరమ్మతని ల్యాబు మూసేశారు, నేలమాళిగ తాళం నా జేబులోనే ఉండిపోయింది. నాలుగో మిషను ఒక్కటే ఆ చీకట్లో తిరుగుతూనే ఉంది.

తిరిగొచ్చి తలుపు తీస్తే చప్పుడు లేదు. ముక్క విరిగితే బరువు కింద పడి స్విచ్చి దానంతటదే ఆగిపోతుంది. రెండు ముక్కలూ తొట్టిలో ఉన్నాయి. కౌంటరు మీద ముప్పై ఎనిమిది కోట్ల లక్షా నలభై ఆరు వేలు. మీ షాఫ్టు ఇనుమే అది. మీ డ్రాయింగులో ఉన్న బరువే అది. విరిగిన చోట చూశాను. మధ్యలో గుండ్రంగా, వెండిలా మెరుస్తూ. నువ్వు చేప కన్ను అని రాశావు చూడు, అదే. ముప్పై నాలుగేళ్ళుగా అది నన్ను చూస్తూనే ఉంది.

పెద్దాయనకి చెప్పలేదు. చెప్తే మిషను వదిలేసి పోయానని తెలుస్తుంది. పుస్తకం ముందుమాట అప్పటికే అచ్చుకి వెళ్ళింది, చివరి పట్టికలే మిగిలాయి. ఒక్క చుట్టు కూడా లెక్క తప్పని కళ్ళు! కౌంటరు సున్నాకి తిప్పేశాను. రిజిస్టర్లో "కోటి. విరగలేదు" అని రాసి బాణం వేశాను. పుస్తకంలో మీ ఇనుముకి ఎదురుగా ఉన్న బాణం అదే. ఆయన గీత తప్పని నువ్వన్నావు. ఆయనది కాదు, నాది. ఆ ముక్క చూపించి ఉంటే ఆయన ఎగిరి గంతేసేవారు. పుస్తకం వెనక్కి తెప్పించి మళ్ళీ మొదలుపెట్టేవారు. ఇనుము చెప్పింది రాయమన్న మనిషికి నేను అబద్ధం రాసి ఇచ్చాను.

ముక్కలు మాత్రల డబ్బాలో దాచాను. దీంతో పాటు పంపుతున్నాను. పెద్ద ఇంజనీరు ముందు పెట్టు.

నువ్వు రాసిన అంకెల్తో లెక్క కట్టాను. రోజుకి లక్షా డెబ్భై మూడు వేల చుట్లు. నా ముక్క విరిగిన అంకెకి మీ షాఫ్టు ఏప్రిల్ తొమ్మిదిన చేరుతుంది. ఆలోపు ఆపించు. డాక్టరు గారిని ఆ పక్కకి పోనివ్వకు. ఈ ఉత్తరం హాల్లో నిలబడి చదవకు.

మామయ్య


పంపుహౌస్ క్వార్టర్లు
ఏప్రిల్ 1

మామయ్యా,

పద్నాలుగో తేదీ నాటి నాలుగు మాటల తర్వాత నీ దగ్గర్నుంచి ఏమీ లేదు. కోపం పోలేదా?

కౌంటరు ముప్పై ఏడు కోట్ల ఎనభై ఏడు లక్షలు. తడబాటు ఇప్పుడు పోవడం లేదు. డాక్టరు గారు మధ్యాహ్నం ఇంటికి కూడా వెళ్ళడం లేదు, టిఫిన్ డబ్బా స్టూలు కిందే. నేను పక్కకి లాగితే, "ఇది ఇవాళో రేపో ఏదో చెప్పబోతోందమ్మా. నేను వినకపోతే ఎవరు వింటారు?" అంటాడు. మనం వింటే ఏం లాభం, వినాల్సినవాళ్ళు వినడం లేదుగా అన్నాను. నా మీద నాకే చిరాగ్గా ఉంది.

ఎల్లుండి నీ సభ, ఇది నీకందేసరికి అయిపోతుందేమో. నాకు సెలవు దొరకదు. డాక్టరు గారు నీకు శుభాకాంక్షలు చెప్పమన్నాడు. పతకం పొట్ట మీద కాకుండా గుండె మీద పెట్టించుకోమన్నాడు.

ముక్క సంగతి ఇక అడగను. లేదన్నావు, నమ్మాను.

నీ కోడలు పిల్ల


పంపుహౌస్ క్వార్టర్లు
ఏప్రిల్ 12

మామయ్యా,

ఆరో తేదీ పొద్దున పది నలభైకి రెండో పంపు షాఫ్టు కప్లింగు పక్కన విరిగింది. నేను ఆఫీసు మెట్ల మీద ఉన్నాను. పెద్ద చప్పుడేమీ కాదు. బెల్లు ఒక్కసారి కొట్టినట్టు. ఆ తర్వాత కప్లింగు ముక్కలు గోడకి తగిలిన చప్పుడు.

డాక్టరు గారు స్టూలు మీదే ఉన్నాడు. ఎక్కువ రాయలేను. కర్ర మాత్రం ఏమీ కాకుండా నాలుగు గజాల అవతల పడి ఉంది. ఆయన భార్యకి అది నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. ఆవిడ కర్ర అందుకుని, "చివర్న ఏమన్నా అన్నాడా?" అని అడిగింది. లేదన్నాను. నిజానికి చెయ్యెత్తి నన్ను ఆగమన్నాడు. మెట్లు దిగుతున్నాను కదా, బూట్లు చప్పుడు చెయ్యొద్దని.

నీ ఉత్తరం, డబ్బా ఎనిమిదిన వచ్చాయి. పెద్ద ఇంజనీరు నీ ముక్కని విరిగిన షాఫ్టు పక్కన పెట్టి చూశాడు. రెండిట్లోనూ అదే కన్ను. ఒకటి చిన్నది, ఒకటి అరచేయంత. నిమిషంలో మిగిలిన రెండు పంపులు ఆపించాడు. అన్న మాట నిలబెట్టుకున్నాడు, మామయ్యా. మొదటి పంపు షాఫ్టు విప్పి ధ్వనితో పరీక్షిస్తే దాని లోపలా మొదలైందట. అది విరిగేలోపు ఆగింది. నీ ముక్క వల్లే.

ఇప్పుడు నువ్వు నాకొకటి చెప్పాలి. ఉత్తరం మీద తేదీ మార్చి పంతొమ్మిది. కవరు మీద పోస్టాఫీసు ముద్ర ఏప్రిల్ నాలుగు. నీ దగ్గర్నుంచి నాకు నాలుగు రోజుల్లో వస్తుంది. మధ్యలో పదహారు రోజులు అది ఎక్కడ ఉంది? నువ్వు చెవిటివాడివే గాని, టెలిగ్రాం ఇవ్వడానికి చెవులక్కర్లేదు. నేను పుట్టినప్పుడు ఒక్క టెలిగ్రాంకే నువ్వు పరుగెత్తుకొచ్చావు.

విచారణ సంఘం ఉత్తరం తీసుకుంది. కవరు అడగలేదు. తేదీ చూసి, పాపం ముసలాయన వెంటనే రాశాడు, పోస్టు ఆలస్యమైంది అనుకుంటున్నారు. అమ్మ కవరు పొయ్యిలో పెట్టమని ఏడుస్తోంది. అది నా సొరుగులో ఉంది. ఏం చెయ్యమంటావు?

కోడలు


ల్యాబు వెనక వీధి
ఏప్రిల్ 18

అమ్మడూ,

కవరు ఇచ్చెయ్యి. మీ అమ్మ మాట వినకు.

ఉత్తరం నా కోటు లోపలి జేబులో ఉంది. ఇరవయ్యో తేదీన పోస్టాఫీసు దాకా వెళ్ళాను. పోస్టు డబ్బా నోట్లో కవరు సగం పెట్టి వెనక్కి తీశాను. ఇంటికొచ్చి మళ్ళీ లెక్క చూశాను. ఏప్రిల్ తొమ్మిది. సభ మూడున. నాలుగున వేస్తే ఎనిమిదికి అందుతుంది, ఒక రోజు మిగులుతుంది అనుకున్నాను. పెద్దాయన విగ్రహం మీద గుడ్డ తీసేదాకా, ఆ వాక్యం ఒక్కసారి మైకులో చదివేదాకా ఆగుదామనుకున్నాను. పతకం గుచ్చుతుంటే కింద కాగితం గరగరలాడింది. పెట్టినాయనకి కూడా వినపడినట్టుంది, నా మొహం వంక చూశాడు.

ఏ అంకె దగ్గరా ఆగదని ఇనుము ముప్పై నాలుగేళ్ళ క్రితమే నాకు చెప్పింది. అయినా నేను ఇంకో అంకె పట్టుకుని, అంతవరకు ఏమీ కాదని కూర్చున్నాను. పెద్దాయన కోటి అన్నారంటే ఆయనకి తెలియక. నేను తెలిసే తొమ్మిదో తేదీ అనుకున్నాను. నీ డాక్టరు గారిని చంపింది నేను. వయసు మీద పడ్డవాడినని, పోస్టు ఆలస్యమని ఎవరూ అనకూడదు.

నిన్న సంస్థకి వెళ్ళి అద్దాల పెట్టె తెరిపించాను. డైరెక్టరు వద్దన్నాడు, చెయ్యి పట్టుకున్నాడు. పెద్దాయన ఉండి ఉంటే తాళం ఆయనే తీసేవారన్నాను. జరిగిందంతా నిలబడే చెప్పాను. పతకం బల్ల మీద పెట్టాను. అతను తాళంచెవి తీసి ఇచ్చాడు. ఆ పేజీ తీసి, బాణం గుర్తు కొట్టేసి, పక్కన "విరిగింది, ముప్పై ఎనిమిది కోట్ల లక్షా నలభై ఆరు వేలు" అని రాసి సంతకం పెట్టాను.

ఇరవై మూడున విచారణకి వస్తున్నాను. నన్ను గట్టిగా అడగమను, నాకు వినపడదు. ఆ తర్వాత డాక్టరు గారి భార్య దగ్గరికి నన్ను తీసుకెళ్ళు. ఆవిడ తలుపు వేసేస్తే బయటే నిలబడతాను.

రిజిస్టర్లో నేను రాసిన దాని కింద ఒక వరస ఖాళీ ఉంచాను. మీ రెండో పంపుది అక్కడ రాయాలి. నా లెక్కకి ముప్పై ఏడు కోట్ల తొంభై ఐదు లక్షల చిల్లర వస్తోంది. నా లెక్క వద్దు. కౌంటరు దగ్గరికి వెళ్ళి, ఆఖరి చుట్టుతో సహా నీ కళ్ళతో చూసి, రాసి పంపు.

మామయ్య